ఐసుగడ్డ సంఘం బెంచీ

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో గోడ మీద బల్లి కనబడితే, నేను వాకిట్లోకి వచ్చి చెప్పేసరికి అది ఉడుము అవుతుంది, వీధి చివర చెప్పేసరికి మొసలి అవుతుంది. నా భార్య నేను చెప్పిన ఏ సంగతినైనా మూడుతో భాగించి నమ్ముతుంది. మా అమ్మ పదితో భాగించేది. మీరు మీ ఓపికను బట్టి భాగించుకోండి. కానీ ఇందులోని కోపాన్ని మాత్రం దేనితోనూ భాగించవద్దు. అది రాసినంతా ఉంది. నిజానికి కాగితం చాలక కొంత నా దగ్గరే ఉండిపోయింది.

తొంభైల మధ్యలో తిరుపతి రైల్వే స్టేషనుకు కాస్త దూరంలో ఒక ట్యాక్సీ స్టాండు ఉండేది. ఇరవై ముప్పై అంబాసిడర్లు, నాలుగైదు జీపులు, ఒక టీ బంకు, గోడకు ఆనించి ఒక పొడుగాటి చెక్క బెంచీ. మా నాయన అక్కడ ఇరవై రెండేళ్ళు ట్యాక్సీ తోలాడు. ఆ ఇరవై రెండేళ్ళూ ఆ బెంచీ పక్కనే నిలబడి టీ తాగాడు. ఎందుకంటే దాని మీద ఎవరంటే వాళ్ళు కూర్చోవడానికి లేదు. అది ఐసుగడ్డ సంఘం బెంచీ.

చిత్తూరు నుంచి తిరుపతికి అందరికన్నా వేగంగా బండి తోలిన డ్రైవర్ల సంఘం అది. దానికి రిజిస్ట్రేషను లేదు, రసీదు పుస్తకం లేదు, ఉన్నదల్లా గౌరవమే. బెంచీకి పైన గోడ మీద ఒక నీలం పలక, దాని మీద తెల్లరంగుతో రాసిన ఏడు పేర్లు. ఎన్నో ఏళ్ళ నుంచి ఎంతోమంది ప్రయత్నిస్తే ఏడుగురు. శ్రీహరికోటలో రాకెట్టు తోక పట్టుకుని పైకి పోవచ్చు గానీ ఆ పలక మీదికి ఎక్కడం మనిషి తరం కాదు.

ఎందుకంటే ఆ సంఘం గడియారాన్ని నమ్మేది కాదు. చేతి గడియారం ముల్లును ఎట్లా వెనక్కి తిప్పవచ్చో ట్యాక్సీ డ్రైవర్ల కన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు? అందుకని వాళ్ళు ఐసును నమ్ముకున్నారు. కత్తిరి ఎండల్లో, అంటే మే నెలలో మా చిత్తూరు జిల్లా పెనంలా కాలే ఆ కొన్నాళ్ళలో, మిట్టమధ్యాహ్నం చిత్తూరులోని ఒక ఐసుకొట్టు దగ్గర ఇటుకంత గడ్డ కోయించుకోవాలి. దాన్ని రేకు డబ్బాలో పెట్టాలి. గోనెసంచి చుట్టకూడదు, పొట్టు వేయకూడదు. డ్రైవరు పక్కన ఒక సాక్షి ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. తిరుపతి స్టాండుకు వచ్చాక, అందరి ముందూ మూత తీస్తే, రెండు వేళ్ళతో పట్టుకుని పైకి ఎత్తడానికి ఎంతో కొంత ఐసు మిగిలి ఉండాలి. మిగిలితే పలక మీద పేరు, బెంచీ మీద చోటు, బతికినన్నాళ్ళూ టీ బంకులో మొదటి గ్లాసు. కరిగితే మళ్ళీ కత్తిరి వచ్చేదాకా ఆగాలి. ఒక మనిషికి ఒక ఎండాకాలంలో ఒకే ప్రయత్నం.

ఆ రూలు నాకు ఇప్పటికీ ఇష్టమే. ఐసు ఎవరి మొహమూ చూడదు. నా కోపమల్లా మొహాలు చూసిన మనుషుల మీద.

నేను చెప్పే ఏడాది ఒక కాంట్రాక్టరు స్టాండుకు రేకుల షెడ్డు వేయించాడు. ఆయనకు ఆరు వ్యాన్లున్నాయి. వాటిని తోలేవాళ్ళు వేరే. ఆయన స్టీరింగు పట్టుకోవడం నేను చూసింది ఆయుధపూజనాడు దానికి పసుపు పూసేటప్పుడే. అట్లాంటి మనిషి ఒక మధ్యాహ్నం తెల్లకారు దిగి, చంకలో డబ్బా పెట్టుకుని, చిత్తూరు నుంచి తానే తోలుకొచ్చానన్నాడు. చొక్కా మీద చెమట చుక్క లేదు. ఇస్త్రీ మడత మీద వేలు పెడితే తెగేటట్లుంది.

సంఘం పెద్ద మూత తీశాడు. ఆయన మొదటి సభ్యుడు, గుబురు మీసాల మనిషి, ఆ మీసాల్లో పిచ్చుక గూడు పెట్టుకున్నా ఎవరికీ తెలియదు. డబ్బాలో ఐసు ఉంది. ఎంత ఉందంటే, ఇటుక ఇటుకలాగే ఉంది. నాలుగు మూలలూ ఉన్నాయి. రంపం కోత గీతలు కూడా చెదరలేదు. పైగా దానికి రంపపు పొట్టు అంటుకుని ఉంది. చిత్తూరు ఐసుకొట్టులో గడ్డలకు వాడేది వరిపొట్టు. రంపపు పొట్టు వాడేది మా స్టాండుకు ఎదురుగా ఉన్న సోడా అంగడివాళ్ళు. ఈ తేడా అక్కడున్న ప్రతి డ్రైవరుకూ తెలుసు.

"గడ్డ నిండా గట్టిగా ఉండాదే సామీ" అన్నాడు సంఘం పెద్ద.

"గట్టిగా ఉండకేం. రోడ్డు దాటేదానికి ఎంతసేపు పడతాది" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఎవుర్రా అది?" అని కాంట్రాక్టరు వెనక్కి తిరిగాడు.

సంఘం పెద్ద మీసం నిమురుకుని, పక్కనున్న సభ్యులతో తగ్గు గొంతుతో "షెడ్డు ఏసినోడప్పా. ఆమాత్రం మర్యాద చేయకపోతే ఎట్ల?" అన్నాడు. మరునాటికి పలక మీద ఎనిమిదో పేరు వచ్చింది. పేరు ముందు 'గౌరవ సభ్యులు' అని కూడా రాశారు. మిగతా ఏడుగురికి ఆ రెండు మాటలు లేవు. నిజంగా ఎండలో మాడి వచ్చినవాళ్ళకు ఉత్త పేరు, రోడ్డు దాటి వచ్చినవాడికి గౌరవం. ఇది రాస్తూ ఉంటే ఇప్పటికీ నా కలం కాగితాన్ని చింపుతోంది.

నాయన అక్కడే నిలబడి ఉన్నాడు, చేతిలో టీ గ్లాసు. నాయన స్టాండులో అందరికన్నా నిదానమైన డ్రైవరు. ఆయన బండిని దాటిపోయిన సైకిళ్ళున్నాయి. తన కారులో ముసలివాళ్ళు నిద్ర లేవకుండా ఊరు చేరాలన్నది ఆయన లెక్క. ఆ ఏడాది ఎడమ కంటికి పొర వచ్చింది. ఈ ఎండాకాలం తర్వాత బండి తోలవద్దని డాక్టరు చెప్పేశాడు. అట్లాంటి మనిషి ఆ రోజు ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "వచ్చే వారం నేనూ ఐసు తెస్తా" అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "కండ్లు ఆనక పప్పులో రాళ్ళు ఏరలేవు. నువ్వు పందేనికి పోతావా?"

"రోడ్డు మింద రాళ్ళు పప్పులో రాళ్ళకన్నా పెద్దవిలే."

"ఆ బెంచీకి ఏమన్నా బంగారు కాళ్ళుండాయా?"

"చెక్కవే" అన్నాడు నాయన. "ఒక్కనాడన్నా ఆడ కూసొని టీ తాగి, బండి బీగాలు ఇచ్చేస్తా."

అంతే ఆయన కోరిక. ఇరవై రెండేళ్ళ పనికి ఒక్క టీ, కూర్చుని. సాక్షిగా నన్ను రమ్మన్నాడు. నాకు అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, డిగ్రీ అయిపోయి ఉద్యోగాల దరఖాస్తులు పెడుతూ ఊరంతా కబుర్లు పంచుతూ ఉండేవాణ్ణి.

చిత్తూరు ఐసుకొట్టతను నాయనను చూసి రంపం కింద పెట్టి నవ్వాడు. "నీ తోలకానికి ఐసు నిలవదప్పా. కుప్పంలో గ్రానైటు దొరుకుతాది, అది ఎత్తకపో."

"నువ్వు కొయ్యబ్బా. మూలలు సరిగ్గా రానీ" అన్నాడు నాయన.

బండి కదిలింది. ఆ ప్రయాణం గురించి నేను తక్కువ చెబితే నాయన ఆత్మ నన్ను క్షమించదు. నిదానం మనిషి ఇరవై రెండేళ్ళుగా దాచుకున్న వేగమంతా ఒక్కసారి బయటికి తీశాడు. మమ్మల్ని చూసి ఒక కుక్క మొరగడం మొదలుపెట్టింది, అది మొరిగి ముగించేసరికి మేము ఇంకో ఊళ్ళో ఉన్నాం. పూతలపట్టు దగ్గర చింతచెట్లు రెండడుగులు వెనక్కి జరిగాయి. మామిడికాయల లారీలు గుజ్జు ఫ్యాక్టరీ ముందు రోడ్డుకు అడ్డంగా బారులు తీరి ఉంటే, నాయన బండిని మట్టిబాటలోకి దించి, లారీలకూ కంచెకూ మధ్య, అంగుళం ఇటు అంగుళం అటు వదిలి దూసుకుపోయాడు. ఆ దుమ్ము ఇంకా పూర్తిగా కిందికి దిగలేదని ఆ ఊరివాళ్ళు అంటారు. కంట్లో పొర ఉన్న మనిషి ఒక్క హారను కూడా అనవసరంగా కొట్టలేదు. నా ఒళ్ళో డబ్బా. తొడల మీద చలికాలం, నెత్తి మీద కత్తిరి. చంద్రగిరి కోట కొండ కనబడేసరికి నాయన చొక్కా పిండితే బిందె నిండేటట్లు ఉంది.

స్టాండులో దిగాం. ఎనిమిది మంది సభ్యులూ బెంచీ మీద ఉన్నారు, ఆ కాంట్రాక్టరు సరిగ్గా నడిమధ్యన. నాయన డబ్బాను సంఘం పెద్ద చేతికిచ్చాడు. మూత తీశారు. నీళ్ళలో ఉసిరికాయంత ఐసు తేలుతోంది. సంఘం పెద్ద రెండు వేళ్ళతో పట్టుకుని పైకి ఎత్తాడు. ఎండకు తళుక్కుమంది. అందరూ చూశారు.

"ఎత్తినాడు గదా. అయిపాయ" అన్నాడు ఒక జీపు డ్రైవరు.

కాంట్రాక్టరు చెయ్యి పైకెత్తాడు. "ఉండండప్పా. ఆయన ఒక్కడు పట్టుకుంటే ఎట్ల? సభ్యులందరూ పట్టుకోవాల గదా."

అట్లాంటి రూలు ఏనాడూ లేదు. అయినా ఎవరూ ఎదురు చెప్పలేదు, రేకుల షెడ్డు నీడ అందరి నెత్తి మీదా ఉంది. ఉసిరికాయ మొదటి అరచేతి నుంచి రెండో అరచేతికి పోయింది. అక్కడ రేగిపండయింది. మూడో చేతిలో శెనగగింజ అయింది. ఆరో చేతిలో ఆవగింజ. ఎనిమిదో చెయ్యి కాంట్రాక్టరుది. ఆయన పిడికిలి మూసి, తెరిచి, తడి అరచేతిని నాయనకు చూపించి, "యాడుండాది ఐసు?" అన్నాడు. తర్వాత ఆ చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఈ కథను నేను పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, ఆసుపత్రి వరండాల్లో చెప్పాను, మదనపల్లె బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకు చెప్పాను. విన్నవాళ్ళందరూ పళ్ళు కొరికారు. ఒకాయన కాంట్రాక్టరు ఇల్లు ఎక్కడో చెప్పమన్నాడు. ఆ తర్వాత సంగతి కూడా చెప్పేవాణ్ణి. వానలు మొదలయ్యేలోపు నాయన బండి ఇచ్చేశాడు. అయినా ప్రతి పొద్దునా స్టాండుకు వెళ్ళేవాడు, స్నేహితులతో మాట్లాడటానికి. మోకాళ్ళు వాచిపోయి ఉన్నా షెడ్డు కంబానికి ఆనుకుని నిలబడే టీ తాగేవాడు. బెంచీ మీద చోటు ఖాళీగా ఉన్నా సరే. "కూసో అబ్బా, ఎవరు అడగొచ్చినారు" అని సంఘం పెద్దే ఎన్నోసార్లు అన్నాడు. నాయన "నిలబడితేనే గాలి తగులుతాది" అనేవాడు. ఆ గాలి ఆయనకు తొమ్మిదేళ్ళు తగిలింది. 2005 ప్రాంతంలో ఆయన పోయేదాకా ఆ చెక్క ఆయన ఒంటికి తగల్లేదు.

కాంట్రాక్టరు రోడ్డు దాటి ఐసు తెచ్చింది నిజం. రంపపు పొట్టు నిజం. నాయన తొమ్మిదేళ్ళు నిలబడింది నిజం. చింతచెట్ల సంగతి మీరు ఎలాగూ భాగించేసి ఉంటారు. నేను కల్పించింది ఆ ఎనిమిది అరచేతులను.

ఉసిరికాయ లేదు. మూత తీస్తే ఉన్నవి నీళ్ళు. కాంట్రాక్టరు ఆ రోజు స్టాండులోనే లేడు. సంఘం పెద్ద డబ్బాను వెలుతురు వైపు వంచి చూశాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి, అడుగునంతా వేళ్ళతో తడిమాడు. ఒక మూల తడిమి, ఇంకో మూల తడిమి, మళ్ళీ మొదటి మూలకు వచ్చాడు. గోటికి తగిలేంత ఐసు దొరికినా ఆయన ఎత్తి చూపించేవాడే. అంతసేపు వెతికిన మనిషిని నేను ఇన్నేళ్ళూ ఊరూరా దొంగను చేశాను.

"నీళ్ళేనప్పా" అన్నాడు ఆయన చివరికి, నాయన మొహం చూడలేక.

"లార్లు అడ్డం వచ్చినాయిలే. నేనే నిదానంగా వచ్చినా" అన్నాడు నాయన.

నాయన నిదానంగా రాలేదు. చిత్తూరులో బండి ఎక్కేటప్పుడు ఆయన నాకు చెప్పింది ఒకే ఒక్క మాట, "మూత మాత్రం తీయొద్దురా" అని. లోపల ఎంత మిగిలిందో, గెలుస్తామో లేదో చూడకుండా నేను ఉండలేకపోయాను. మూత తీసిన ప్రతిసారీ కిటికీలోంచి వచ్చే వడగాలి డబ్బాలోకి దూరింది. ఒకసారి గడ్డను బయటికి తీసి చేత్తో తూకం కూడా చూశాను. నాయన కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి గానీ రేకు మూత చప్పుడు ఆయనకు వినబడకుండా ఎట్లా ఉంటుంది?

స్టాండు నుంచి ఇంటికి పోతూ, ఎప్పటిలాగే సైకిళ్ళకు దారి ఇస్తూ, ఆయన అడిగాడు. "ఎన్నిసార్లు తీసినావురా?"

"ఒక్కసారి నాయనా."

"సరేలే" అన్నాడు.

పూతలపట్టు దాటకముందే నాలుగుసార్లు తీశాను. ఆ తర్వాత లెక్కపెట్టలేదు.