ప్రార్థన తర్వాత మాత్ర

మా పక్కింటి టీచరుగారు పోయారని గుంటూరు ఆసుపత్రి నుంచి కబురు వచ్చేసరికి అమ్మా నేనూ డాబా మీద మిరపకాయలు తిరగేస్తున్నాం. అమ్మ ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. ఇక ఆ రోజంతా ఆమె కళ్ళ నీళ్ళు ఆగలేదు.

అద్దంకి మిషను బడిలో ఆవిడ ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పారు. నాకూ చెప్పారు. జవాబు సరిగ్గా వచ్చినా చివరి మెట్టు రాయకపోతే మార్కు వేసేవారు కాదు. "తొందరపడ్డావు, పో" అని పలక తిరిగి ఇచ్చేసేవారు. రిటైరయ్యాక కళ్ళు మసకబారి, పేపరు చదివిపెట్టమని నన్ను పిలిచేవారు. "డిగ్రీ చదివి కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేమే? వచ్చి కూచో!" ఉద్యోగం లేని ఆ రెండేళ్ళూ నన్ను నిలబెట్టింది ఆ పిలుపే.

ఆవిడ తండ్రీ, అన్నా పెద్దపేగు క్యాన్సర్‌తోనే పోయారు. "మా ఇంట్లో అరవై చూసినవాళ్ళు లేరమ్మాయ్" అనేవారు, బియ్యంలో రాళ్ళేరుతూ, మామూలుగా. అప్పటికి ఆవిడకు యాభై తొమ్మిది.

నిరుడు ఎండాకాలం ఒక ఇంగ్లీషు పత్రికలో చిన్న వార్త చదివాను. తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ చాలాకాలం వాడినవాళ్ళలో ఆ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తోందట. ఇంకా ఏమీ తేలలేదని చివర్లో ఉంది.

"ఇంకోసారి చదువు" అన్నారు. చదివాను. ఆ చివరి వాక్యం దగ్గర ఆవిడ అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నేనూ గొంతు తగ్గించేశాను.

మర్నాటి నుంచి పొద్దున ప్రార్థన కాగానే ఒక మాత్ర. చెంచాడు నీళ్ళలో కరిగించి, మొహం చిట్లించకుండా మింగేవారు. ఖాళీ అయిన అట్టను బైబిల్లో గుర్తుగా పెట్టుకునేవారు.

"డాక్టర్ని అడగొద్దా టీచరుగారూ?"

"తలనొప్పి బిళ్ళకి డాక్టరెందుకే? మీ అమ్మ అడిగే వేసుకుంటోందా?"

కల్లంలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకూ చెప్పారు. ఘాటుకి తల పగిలిపోతుంటే కొంగుముడి విప్పి, పరగడుపునే ఆ బిళ్ళ వేసుకోవడం వాళ్ళకు కొత్త కాదు. "రోజూ వేసుకోండి, పేగుకి మంచిది" అన్నారు.

"అయితే టీచరమ్మా, మాకింక చావు లేదన్నమాట!" అని రత్తమ్మ అరిచింది. కల్లమంతా నవ్వింది.

దసరాలకి ఆవిడ జాకెట్లు వదులైపోయాయి. పొద్దస్తమానం మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు. గట్టిగా అడిగితే, "వేడి చేసి దొడ్డికెళ్తే రక్తం పడుతోందిలే. ఈ కారం తిని రక్తం పడనివాళ్ళెవరే మన వైపు?" అన్నారు. మా ఊళ్ళో ఎవరికి రక్తం పడ్డా నేరం మిరపకాయదే. మజ్జిగ తాగి ఊరుకుంటాం, ఇంకొకరికి చెప్పం.

బతిమాలి గుంటూరు తీసుకెళ్ళాను. "ఎన్నాళ్ళుగా?" అన్నాడు డాక్టరు. ఆవిడ నా వైపు చూడకుండా, "ఉగాది ముందు నుంచి" అన్నారు.

నేను వార్త చదివింది ఉగాది వెళ్ళిన నెలకి. ఇంకోసారి చదవమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది.

పరీక్షల్లో అదే క్యాన్సరని తేలింది. మాత్రల సంగతి చెబితే డాక్టరు కోప్పడలేదు. "రాకుండా ఆపుతుందో లేదో ఎవరికీ ఇంకా తెలీదమ్మా. వచ్చినదాన్ని మాత్రం పోగొట్టదు. పైగా ఖాళీ కడుపున రోజూ వేసుకుంటే అదే రక్తం పడేట్టు చేస్తుంది" అన్నాడు.

చివరిసారి చూసినప్పుడు ఆవిడ చెయ్యి నా చేతిలో పుల్లలా ఉంది. "చివరి మెట్టు వదిలేశానే. నేను వదిలేసిందే కల్లంలోవాళ్ళకీ నేర్పాను. వెళ్ళి మిగిలింది చదివి వినిపించు" అన్నారు.

సమాధి చేసిన మూడో రోజు కల్లానికి వెళ్ళాను. డాక్టరు చెప్పిందంతా చెప్పాను. రక్తం పడితే దాచుకోవద్దన్నాను. మీకూ అదే చెబుతున్నాను.

"ఒట్టి కారమేలే అమ్మాయిగోరూ, మా ఒళ్ళు మాకు తెలవదా?" అంది రత్తమ్మ, అందరికంటే గట్టిగా. మిగతావాళ్ళు నవ్వి, తలలు వంచుకుని పనిలో పడ్డారు. తొడిమలు తుంచే చప్పుడు మళ్ళీ మొదలైంది. రత్తమ్మ దగ్గర మొదలవలేదు. వెళ్ళి ఆమె పక్కన కూచున్నాను.

"ఎన్నాళ్ళుగా రత్తమ్మా?"

"పత్తి తీతలకాణ్ణుంచి" అంది, నాకొక్కదానికే వినపడేట్టు. ఆమె వేళ్ళ మధ్య ఒక మిరపకాయ, తొడిమతో అలాగే ఉండిపోయింది.