పెళ్లిచూపుల్లో వచ్చిన ఫోను

నేను ఏ కంపెనీలోనూ చేరకుండా, కోయంబత్తూరులో మా ఇంటి వెనక గదిలో కూర్చుని సొంతంగా సాఫ్ట్‌వేర్ రాస్తాను. నన్ను చూడటానికి అవినాశి నుంచి పెళ్లివారు వచ్చిన రోజున, పట్టుచీర కట్టుకుని కాఫీలు తీసుకెళ్లబోతుంటే ఫోను మోగింది. చేసింది ఒట్టన్‌చత్రం కూరగాయల మండీ వ్యాపారి. నేను చేసిచ్చిన ధరల బోర్డులో టమాటా ధర వంకాయకు పడుతోందట, వేలం ఆగిపోయిందట.

కాఫీలు అమ్మ చేతికిచ్చి వెనక గదిలోకి పరుగెత్తాను. అమ్మ ముఖం వాడిపోయింది.

కాసేపటికి పెళ్లికొడుకు అవ్వ నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇది ఏ కంపెనీ పని, కన్నూ?"

"కంపెనీ లేదు అవ్వా. నేనే సొంతంగా చేస్తుండాను."

"అట్లయితే మేనేజరు లేడా? తప్పు చేస్తే నిన్ను తిట్టేది ఎవురు?"

నేను ఫోను స్పీకరులో పెట్టాను. వ్యాపారి తమిళంలో ఇంకా తిడుతూనే ఉన్నాడు. అవ్వ శ్రద్ధగా విని, "సరి, తిట్టేదానికి ఒక ఆళు ఉండాడు," అని లేచింది. హాల్లోకి పోయి, "పిల్లకి పని ఉండాది, ముగించుకుని వస్తాది. మనం కాపీ తాగతాం," అని అందరికీ చెప్పింది.

వేలం మళ్లీ మొదలయ్యాక, జారిపోయిన మల్లెపూలు సర్దుకుని హాల్లోకి వెళ్లాను. పెళ్లికొడుకు నన్ను ఒక్కటే అడిగారు.

"మీరు ఏమన్నా తిన్నారా?"

లేదన్నాను. తన ప్లేటులోని కేసరి నా వైపు జరిపారు. ఆకలి మీదున్నానేమో, మొహమాటపడకుండా తినేశాను. ఆ నెలలోనే తాంబూలాలు మార్చుకున్నాం.