మా ఊరు పదకొండో వార్డు అయ్యాక

మా ఊరు ఇప్పుడు ఊరు కాదు. పక్క టౌనులో కలిపేశారు, పదకొండో వార్డంటారు. కలపమని రాసిన కాగితం మీద మొదటి వేలిముద్ర నాదే. అందుకే ఈ సంగతి ఇంకొకరు చెప్పకూడదు, నేనే చెప్పాలి.

నా భర్త కరోనా ఏట పనికి పోయిన అబుదాబి ముసఫ్ఫాలో పోయాడు. పెట్టెలో ఇంటికొచ్చాడు. మాలో కాల్చరు, వాగొడ్డున బొందలగడ్డలో పాతిపెట్టాం.

తర్వాత సర్పంచ్ గ్రామసభ పెట్టాడు. ఆడవాళ్ళెవరూ కాగితం దగ్గరికి పోలేదు. నా దగ్గరికొచ్చి, "చెల్లె, నువ్వు పెడితె అందరు పెడ్తరు. టౌన్ల కలిస్తె నల్లా నీళ్ళొస్తయి, సిమెంటు రోడ్డొస్తది" అన్నాడు. మొగుడు పోయినదాన్ని, అప్పట్లో నాతో మర్యాదగా మాట్లాడినవాడు అతనొక్కడే. అందులో ఏం రాశారో అడగలేదు. పెట్టాను. నా వెనకే ఆడవాళ్ళంతా పెట్టారు.

నేను షార్జా వచ్చి రోలాలో ఒక మెస్సులో వంటకు కుదిరాను. ఇక్కడ నేనుండగానే, అక్కడ టౌను చెత్త తెచ్చి మా బొందలగడ్డలో పోయడం మొదలుపెట్టారు. ఆడబిడ్డ ఫోనులో చూపించింది. నా భర్త ఏ మూలనున్నాడో గుర్తుపట్టలేకపోయాను.

మా వైపు దుబాయ్‌లో ఉన్నవాడు ఫోను చేసి చెబితే ఆ ఇంటి ఓట్లన్నీ అటే పడతాయి. మా మెస్సులో తినేవాళ్ళంతా మా ఊరివాళ్ళే. సర్పంచుకు ఇది తెలుసు. వార్డు ఎన్నికలో తనే నిలబడి, ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిండికి చాప మీద కూర్చున్న వేళ చూసి వీడియో కాల్ చేశాడు. ఓట్లడిగి, చివరికి నన్ను పిలిచాడు.

"చెల్లె, మంచిగున్నవా?"

"మంచిగనె ఉన్న అన్నా. మా ఆయన మీద టౌను పిల్లల డైపర్లు పోయించినవట గదా. మంచి దుప్పటి కప్పినవ్."

అతను నవ్వాడు. "అభివృద్ధి అంటె జెర గట్లనే ఉంటది చెల్లె."

తిట్టినా ఊరుకునేదాన్నేమో, నవ్వాడు. ఫోను పెట్టేశాక అన్నం గిన్నెకు మూతపెట్టి దాని ముందు కూర్చున్నాను.

"ఇంటికి ఫోన్లు కొట్టుండ్రి. స్పీకర్ పెట్టుండ్రి. వానికి ఓటెయ్యద్దని మీరు చెప్పంగ నేను వినాలె. గప్పుడే అన్నం."

"వదినె, ఆయన మా మేనమామ" అన్నాడొకడు.

"అయితె మీ మేనమామ ఇంట్ల తిను. ఖలాస్."

పక్కవాళ్ళు ఒక్కొక్కరే ఫోను చేసి కంచాలు పట్టుకొచ్చారు. చేపల పులుసు. చివరికి ఆ మేనల్లుడూ పెళ్ళానికి ఫోను చేశాడు.

సర్పంచ్ ఓడిపోయాడు. గెలిచినవాడు చెత్త తీయించలేదు. తీయిస్తాడని నేను అనుకోనూ లేదు. నా వేలు చేసింది ఎవడు గెలిచినా చెరగదు. అతను ఓడాలి, నేను చూడాలి, అంతే.

ఫలితం వచ్చిన సాయంత్రం వీడియో కాల్ చేసి ఆడబిడ్డను సర్పంచ్ ఇంటి ముందు నిలబెట్టాను. గెలుపు విందుకని వేయించిన టెంటు విప్పుతున్నారు. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"సాలు వదినె, చెయ్యి గుంజుతుంది" అంది.

"ఇంకో చెయ్యి లేదా? అటు తిప్పు."

చివరి కర్ర ట్రాక్టరెక్కేదాకా ఫోను దించనివ్వలేదు.