ఎదురెదురు కొట్లు

మా అమ్మ నాన్నని, అంటే మా తాతయ్యని, ఊళ్ళో అందరూ గజంబద్ద అనేవారు. బట్టలకొట్టు ఆయనది. మనిషి కూడా చేతిలోని కొలబద్దలాగే నిలువుగా, సన్నగా, ఎక్కడా వంపు లేకుండా ఉండేవాడట. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు, ఆయనే. తన మీద తనే జోకు వేసుకుంటే ఇంకొకరికి ఆ అవకాశం ఉండదని ఆయన లెక్క.

కొట్టు వాళ్ళ నాన్న పెట్టింది. వీధి ఎంత ఇరుకంటే, ఎదురుకొట్టులో తుమ్మితే ఇటువాళ్ళు చిరంజీవ అనాల్సిందే. పొద్దున్నే చెక్కపలకల తలుపులు ఒక్కొక్కటీ తీసి గోడకి ఆనించేవాడు. లోపల నేల నుంచి పైకప్పు దాకా అరలు, అరల నిండా తానులు. కొత్త గుడ్డ వాసన, గంజి వాసన. తాతయ్య నోరు తెరిస్తే బేరం అయిపోయినట్టే. గళ్ళ గుడ్డ కోసం వచ్చినావిడ పూల గుడ్డ కొనుక్కుని, అదే కావాలని వచ్చాననుకుంటూ వెళ్ళేది. కూతురు, అంటే మా అమ్మ, బక్కగా ఉందని ముద్దుగా పీలిక అని పిలిచేవాడు. ఇంట్లో ఆవిడ విసుక్కునేది.

"బంగారంలాంటి పిల్లని గుడ్డపీలికతో పోలుస్తావేంటయ్యా?"

"కొట్లో దేనికైనా రంగు పోవచ్చు గాని, ఈ పీలికకి పోదే" అనేవాడు తాతయ్య.

మొదటి మహాయుద్ధం ముగిసే రోజుల్లో ఊరికి జ్వరం వచ్చింది. మొదట ఒకింట్లో, తర్వాత ఒక వీధిలో, ఆ తర్వాత ఎక్కడ లేదో చెప్పడం తేలికైంది. వీధిలో మిగతా కొట్లన్నీ మూతపడ్డాయి. బట్టలకొట్టు మూసే వీలు లేదు, తెల్లగుడ్డ అందరికీ కావాలి. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడేవారు. తాతయ్య ఒక్కటే అడిగేవాడు.

"ఎంత పొడుగు?"

వాళ్ళు చేత్తో చూపించేవారు. ఒక్కోసారి ఆ చెయ్యి నడుము దాటి పైకి లేచేది కాదు. ఆయన కొలిచి, అంచు దగ్గర కత్తెరతో గాటు పెట్టి, రెండు చేతులతో చర్రున చించేవాడు. ఆ చప్పుడు వీధి చివరి దాకా వినిపించేదట.

ఎదురుగా దారాలూ బొత్తాలూ అమ్మే కొట్టు ఉండేది. దారాలాయన కూడా పోయాడు. ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎంత పొడుగు?" అంటే, "నా అంతే" అంది. తాతయ్య ఆవిడని తల నుంచి కాలి దాకా ఒకసారి చూసి, గుడ్డ చించి ఇచ్చాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే తాతయ్య ఇంట్లో ఆవిడా, అమ్మ తర్వాత పుట్టిన చంటిపిల్లాడూ ఒకే పూట పోయారు. పీలికని పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళారు. తాతయ్య కొట్టుకొచ్చి తాళం తీశాడు. ఒక పలక మాత్రం తొలగించి లోపలికి వెళ్ళి, రెండు కొలతలు కొలిచాడు. చక్కగా మడతలు పెట్టి, కాగితంలో చుట్టి, పురికొస కట్టాడు. బయటివాళ్ళకి కట్టి ఇచ్చినట్టే. పలక మళ్ళీ పెట్టేసి, పొట్లం చంకలో పెట్టుకుని ఇంటికి నడిచాడు. మూసి ఉన్న ఎదురుకొట్టు గుమ్మంలోంచి ఇదంతా చూసిన దారాలావిడే తర్వాత మాకు చెప్పింది. ఆయన కంట తడి లేదట. ముఖంలో ఏమీ లేదట.

జ్వరం వెళ్ళిపోయింది. కొట్లు తెరుచుకున్నాయి. తాతయ్యా తెరిచాడు. మాటలు మాత్రం ఎటో పోయాయి. అడిగిన తాను దించేవాడు, కొలిచేవాడు, కత్తిరించేవాడు. జనం కొన్నాళ్ళు జాలిపడ్డారు. తర్వాత పొగరన్నారు. చివరికి అలవాటు పడిపోయారు. ఇంట్లో ఎవరూ లేక పీలిక రోజంతా కొట్లోనే ఉండేది. కింది అరలో దుప్పట్ల మధ్య దూరి నిద్రపోయేది. ఆయన పొద్దున తెచ్చి దింపేవాడు, సాయంత్రం ఎత్తుకెళ్ళేవాడు. అంతకు మించి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పొరుగూరి నుంచి ఆయన అక్క వచ్చింది.

"ఆడపిల్ల ఇలా గుడ్డల మధ్య ఎలకపిల్లలా పెరుగుతుందేంట్రా తమ్ముడూ? నాతో తీసుకెళ్తాను."

"సరే" అన్నాడు తాతయ్య.

"మళ్ళీ ఎప్పుడు తీసుకొస్తానో చెప్పలేను."

"సరే అన్నానుగా అక్కా."

పిల్లకి బట్టలు కావాలి కదా అని ఒక తాను దించాడు. పీలికని బల్ల ముందు నిలబెట్టి, గజంబద్ద ఆనించి, భుజం నుంచి మడమ దాకా కొలిచాడు. పిల్ల కదలకుండా నిలబడింది. ఎదురుకొట్లో దారాలావిడ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం రైలుకి మేనత్తా మేనకోడలూ వెళ్ళిపోయారు. తాతయ్య స్టేషన్‌కి వెళ్ళలేదు.

మేనత్త ఇంట్లో అమ్మకి కష్టమూ లేదు, సుఖమూ లేదు. తిండికి లోటు లేదు. ఆరిన బట్టలు మడతపెట్టడం తన వంతు. చూడ్డానికి నాన్న రాలేదు.

రెండేళ్ళు గడిచాక ఒక వానరోజు, బేరాలు లేని మధ్యాహ్నం, దారాలావిడ కొంగు నెత్తిన కప్పుకుని వీధి దాటింది. భర్త పోయాక ఆ కొట్టు ఆవిడే నడిపేది. ఇన్నాళ్ళూ ఎదురెదురుగా తలుపులు తీయడం, వేయడమే గాని ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"మీ అమ్మాయి ఎలా ఉంది?"

"బాగానే ఉందట."

"ఎవరన్నారు?"

"అక్క."

"మీరు చూశారా?"

తాతయ్య బల్ల మీది తాను చుట్టసాగాడు.

"నాకు పిల్లలు లేరు. మీకు ఉండీ లేనట్టే. వెళ్ళి తెచ్చుకుందాం" అంది ఆవిడ.

"ఇంట్లో చూసేవాళ్ళు ఎవరూ లేరు."

"నేనుంటాను. ఆడది ఇలా అడగటం తప్పంటారు, నాకూ తెలుసు. అడగాల్సిన మగాడికి నోరు పడిపోతే ఏం చెయ్యమంటారు?"

తాతయ్య వాన వైపు చూసి, "సరే" అన్నాడు.

"ఆ సరే నాకు చెప్పాడో, వానకి చెప్పాడో ఇప్పటికీ తెలీదే" అని ఆవిడ వయసు మళ్ళాక నవ్వేది. ఆవిడే మా అమ్మమ్మ. నేనెరిగిన అమ్మమ్మ ఆవిడొక్కతే.

పెళ్ళి నలుగురి మధ్య జరిగిపోయింది. ఊరు ముక్కున వేలేసుకుని, వేలు నొప్పి పుట్టాక తీసేసింది. ఆ వారంలోనే ఇద్దరూ రైలెక్కి పొరుగూరు వెళ్ళారు. వాకిట్లో అమ్మ తీగ మీద బట్టలు తీస్తోంది. తాతయ్య కన్నా ముందు అమ్మమ్మే గుర్తుపట్టింది. ఆయన గేటు దగ్గర ఆగిపోయాడు. అమ్మ చేతిలో బట్టలతో అలాగే నిలబడి ఆయన్ని చూసింది.

"మీరు కూర్చోండి. అత్తని పిలుస్తాను" అంది.

వెళ్ళేనాటికి "నాన్నా, నువ్వు" అనే పిల్ల. తాతయ్య బెంచీ మీద కూర్చున్నాడు. మేనత్త బయటికొచ్చి కొత్త మరదల్ని పైనుంచి కిందకి చూసి, పిల్ల సామాను సర్దింది. ఏడుపులేమీ లేవు. తిరుగు రైల్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. చాలాసేపటికి అమ్మమ్మనే అడిగింది.

"మిమ్మల్ని ఏమని పిలవాలి?"

"నీ ఇష్టం. ముందు ఆ మీరు మానేస్తే చాలు."

అమ్మమ్మకి ఆ మీరు కొన్నాళ్ళకే పోయింది. తాతయ్యకి మాత్రం చివరిదాకా అలాగే ఉండిపోయింది. ఆయన మార్చమనలేదు. దారాలూ బొత్తాలూ బట్టలకొట్లోకి వచ్చి చేరాయి, ఎదురుకొట్టు గడియారాలు బాగుచేసేవాడికి అద్దెకిచ్చారు. అమ్మ పెద్దదై కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. తండ్రీకూతుళ్ళు ఒక తాను చెరో కొసా పట్టుకుని మడతపెట్టేవారట. దగ్గరికొచ్చి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరిగేవారు.

అమ్మకి పెళ్ళి కుదిరాక, అలా మడతపెడుతున్నప్పుడే ఒకరోజు అడిగింది.

"అత్త అడగగానే నన్నెందుకు పంపేశారు?"

తాతయ్య కొస వదల్లేదు. అంచు సరిచేస్తూ అన్నాడు.

"వద్దనడానికి ఏదో ఒక కారణం కావాలి కదా, వెతికాను. దొరకలేదు. ఆ రోజుల్లో దేనికీ దొరికేది కాదు. తెల్లారితే కొట్టెందుకు తెరుస్తున్నానో కూడా."

"ఇప్పుడు దొరుకుతుందా?"

"కొంచెం" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నీకేమనిపించిందని అమ్మని నేను ఎన్నోసార్లు అడిగాను. ఏమీ అనిపించలేదే అనేది. చేతిలో గుడ్డ ఉంది, బయట ఎవరో వచ్చి నిలబడ్డారు, ఏం కావాలండీ అని తనే వెళ్ళిందట.