నాయిన వంతుకొచ్చిన పేతురు

కోదాడలో మా వీధి చివరి పాత ఇంటికి ఎవరో సున్నం వేయిస్తున్నారు. గోడలకు సున్నం కొట్టేవాళ్లు ఇప్పుడెక్కడున్నారు! నిన్న పొద్దున కూరగాయలకని బయలుదేరినదాన్ని, డ్రమ్ములో బుసబుసమని పొంగుతున్న ఆ తెల్లటి వేడి వాసన దగ్గర ఆగిపోయాను. అందరికీ అది కొత్త ఇంటి వాసన కావచ్చు. నాకు మాత్రం సమాధుల వాసన.

వేములపల్లి దగ్గర మా పల్లెలో ఈస్టరు వచ్చేసరికి యాసంగి కోతలు మొదలయ్యేవి. ఉప్పూ కారం అద్దుకుని పళ్లు పులిసేదాకా మామిడి పిందెలు తిని, ఒంటిపూట బడి కాగానే పిల్లలమంతా కొబ్బరిపీచు కుంచెలు పట్టుకుని సమాధుల తోటకు పరుగెత్తేవాళ్లం. ఎవరింటి సమాధికి వాళ్లు సున్నం కొట్టాలి. మా నాయినమ్మ సమాధి నా పని. మధ్యమధ్య ఆ సమాధుల చాటునే దాగుడుమూతలు ఆడేవాళ్లం, వాటి మీదే కూర్చుని బువ్వ తినేవాళ్లం. భయమంటే ఏమిటో తెలియదు. ఈస్టరు నాడు తెల్లవారకముందే బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకుని అక్కడే పాటలు పాడి, ఇంటికొచ్చి బగారన్నం, కోడికూర తింటే నలభై రోజుల ఉపవాసాల నీరసమంతా తీరిపోయేది.

ఆ నలభై రోజులూ నాయిన గడ్డం గీసుకునేవాడు కాదు, చెప్పులు వేసుకునేవాడు కాదు. గుడ్ ఫ్రైడే నాడు యేసు శ్రమల కథను గుడిలో పెద్దలు తలా ఒక భాగం చదివేవాళ్లు. పేతురు భాగం ఎప్పుడూ నాయిన వంతు. చావనైనా చస్తాను గాని నిన్ను విడవనన్న పేతురు, యేసును పట్టుకుపోయాక మంట దగ్గర చలి కాచుకుంటూ, ఆయనెవరో నాకు తెలియదని బొంకిన ఘట్టం అది. నాయిన గొంతులో దాన్ని వింటూ ముసలమ్మలు కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. చదవడం ఆపి నాయిన తన మాటొకటి కలిపేవాడు. "గంత పిరికోడేంది పేతురు!"

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు సమాధుల తోట పక్క పొలాన్ని ఒక రైసుమిల్లు సేటు కొన్నాడు. కొన్న కొద్ది రోజులకే, గుడ్ ఫ్రైడేకు వారం ముందు, తోట జాగా కూడా తనదేనంటూ ట్రాక్టరు పంపి కంచెను దున్నించాడు. ఆ సేటు మిల్లులోనే నాయిన బాయిలర్ దగ్గర పని చేసేవాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో మా పాస్టరు అయ్యగారు, రేపు మిల్లుకు పోయి సేటును బతిమాలుతానన్నారు. నాయిన అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"మీరొక్కలే పోవుడేంది అయ్యగారూ? ఎవ్వలు రాకున్నా మీ పక్కన నేనుంట."

మరునాడు అమ్మ సద్దిగిన్నె ఇచ్చి నన్ను మిల్లుకు పంపింది. మిర్యాలగూడ పోయే రోడ్డు మీదే, నడిచిపోయేంత దూరం. నేను వెళ్లేసరికి వడ్లు ఆరబోసిన కళ్లం మీద సేటు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా అయ్యగారు ఎండలో నిలబడి ఉన్నారు. సేటుది కోదాడ వైపు మాట.

"మీ వాళ్ల సమాధులంటున్నారు, ఎవరివండీ అవి? మా దావీదుది కూడా ఆ ఊరే కదా." సేటు బాయిలర్ వైపు తిరిగి పిలిచాడు. "ఏం దావీదూ, ఈయన నీకు తెలుసా? నీ వాళ్లెవరైనా ఉన్నారా అక్కడ?"

నాయిన మెడలోని తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు.

"నాకు తెల్వదు సేటూ. మావోళ్లెవ్వలు లేరాడ."

అయ్యగారు నాయిన వైపు ఒక్కసారి చూశారు. నా పక్కనుంచే రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయారు. నాయిన అప్పుడు నన్ను చూశాడు. నేను గిన్నె అక్కడే గట్టు మీద పెట్టి ఇంటికి పరుగెత్తాను.

ఆ వారమంతా ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. "తండ్రీ బిడ్డలకు ఏమైందే?" అని అమ్మ అడిగితే నాయిన బయటికి పోయేవాడు, నేను దుప్పటి కప్పుకునేదాన్ని. అయ్యగారు ఎవరితోనైనా చెప్పారేమోనని బోరింగు దగ్గర ఆడవాళ్ల ముఖాలు వెతికేదాన్ని. ఆయన ఎవరికీ చెప్పలేదు. నాకు అదే మరీ భయంగా ఉండేది.

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, గుడి రేకుల కింద కాలిపోతున్న ఎండలో, అయ్యగారు ఎప్పటిలాగే నాయిన పేరు పిలిచారు. నాయిన వెళ్లి నిలబడ్డాడు. నాలుగు వాక్యాలు చదివాడు. మంట దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపేశాడు. విసనకర్రలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"పేతురును ఏండ్లకేండ్లు పిరికోడన్న. సేటు అడిగితే, అయ్యగారు ఎవ్వలో నాకు తెల్వదన్న. మా అమ్మ ఆ మట్టిల లేదన్న. నా బిడ్డ ఇన్నది."

అందరూ నా వైపు తిరిగారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాయిన పుస్తకం మూసి దిగిపోబోయాడు.

"యాడికి దావీదూ?" అన్నారు అయ్యగారు. "ఆగినకాడి నుంచి సదువు."

నాయిన చదివాడు. పేతురు బయటికి పోయి ఏడ్చేదాకా చదివాడు.

మరునాడు పొద్దున ట్రాక్టరు మళ్లీ వచ్చింది, వెనకే సేటు. అప్పటికే అయ్యగారూ నాయినా తోటలో నిలబడి ఉన్నారు. నేనూ అమ్మా కంచె పడిపోయినచోట ఉన్నాం.

"బాయిలర్ వదిలేసి ఇక్కడేం చేస్తున్నావు?" అన్నాడు సేటు.

"మా అమ్మ ఈడున్నది సేటూ."

ఆ గొంతు పేతురును చదివే గొంతు కాదు, సన్నగా ఉంది. కానీ నాయిన నిలబడ్డచోటి నుంచి కదల్లేదు. సేటు చాలాసేపు చూసి, డ్రైవరును వెనక్కి తిప్పమన్నాడు. ఆ రోజుకు అంతే. నాయిన పని పోయింది. మేము సూర్యాపేటకు కిరాయి ఇంట్లోకి మారాం. తర్వాత పెద్దమనుషులు కూర్చుని తోటలో రోడ్డు వైపు సగం సేటుకు వదిలేశారు. నాయినమ్మ మిగిలిన సగంలో ఉంది. రోడ్డు వైపున్న ఇతరుల సమాధులు పోయాయి. మొదటిరోజే తాను నోరు తెరిచి ఉంటే అంతా మిగిలేదని నాయిన బతికినంతకాలం అనుకునేవాడు.

నాయిన చివరి రోజుల్లో దవాఖానాలో ఉన్నప్పుడు అయ్యగారు బస్సెక్కి చూడ్డానికి వచ్చారు. ఇన్నేళ్లూ అడగని మాట నాయిన అప్పుడు అడిగాడు.

"ఆ దినం మిల్లుకాడ నన్ను సూసిండ్రు గదా. ఏమనుకున్నరు?"

అయ్యగారు మంచం దగ్గరికి జరిగి కూర్చున్నారు.

"నీ మీద కోపం గాదు దావీదూ. నన్ను ఎరుకే అని నువ్వంటే నీ పని పోతది, పిల్లలు పస్తులుంటరు. అనొద్దు దేవా అని లోపల మొక్కుకుంటనే ఉన్న. నువ్వు అనలే. హమ్మయ్య అనుకున్న. రోడ్డు మీదికి వచ్చినంక, నువ్వు బొంకాలని మొక్కిన గదా అని నామీద నాకే సిగ్గేసింది."

నాయిన నవ్వాడో ఏడ్చాడో నాకు అర్థం కాలేదు. ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. మిల్లు ఉన్నచోట ప్లాట్లు వేశారు. మా పల్లె గుడికి రేకులు పోయి స్లాబు పడింది, మైకులొచ్చాయి, శ్రమల కథను ఎవరో పట్నం నుంచి వచ్చి గొప్పగా చెప్పిపోతారు. నేను ఏటా వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటాను. అందరి ముందూ లేచి తన భయాన్ని చెప్పుకునే మనిషి అక్కడ నాకు మళ్లీ కనిపించలేదు. అట్లా చెప్పుకున్నవాణ్ణి దిగిపోనివ్వకుండా నిలబెట్టుకునే మనిషీ కనిపించలేదు.