ఊడిరావలసిన ప్యాంటు

మూడేళ్ల కిందట, ఎండలు ముదిరే రోజుల్లో, నన్ను కోవూరు బ్రాంచి నుంచి నెల్లూరు పెద్ద షాపుకి మార్చి, యూనిఫాంల విభాగానికి హెడ్ కటింగ్ మాస్టరుగా వేశారు. ఈ హోదా సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మా షాపులో మిషను మీద కుట్టేవాడు టైలరు. కొలతలు తీసి, గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర వేసేవాడు మాస్టరు. మాస్టర్లు గీసిన గీతను చెరిపేసే అధికారం ఉన్నవాడు హెడ్ మాస్టరు. ఒకసారి కత్తెర పడ్డాక ఆ గుడ్డని మళ్లీ అతికించే మొనగాడు ఈ భూమ్మీద పుట్టలేదు కాబట్టి, నేను కత్తెర ఎత్తితే షాపు ఓనరు కూడా దగ్గు ఆపుకునేవాడు. భుజం నొప్పి వల్ల యాభై నాలుగో ఏట ఆ సింహాసనం దిగిపోయాను. దిగేముందు జరిగిన ఒక సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఒక కుట్టు తప్పుతుంది.

మగవాడి ప్యాంటుకి మా వృత్తిలో కొన్ని పరీక్షలు ఉన్నాయి. నిలబడితే ముందు మడత వంకరపోకుండా బూటు మీదికి దిగాలి. కూర్చుంటే సీటు దగ్గర పట్టకూడదు. లేచి నడిస్తే నడుము మీద నుంచి వెంట్రుకవాసి జారకూడదు. ఈ చివరి పరీక్షలో నన్ను కొట్టినవాడు నెల్లూరు జిల్లాలో లేడు. నేను కోసిన ప్యాంటు వేసుకుని వెంకటాచలం పెద్దమనిషి ఒకాయన స్కూటరుతో సహా పంటకాలవలో పడ్డాడు. చెప్పులు కొట్టుకుపోయాయి, కళ్లజోడు కొట్టుకుపోయింది, స్కూటరు కూడా కొంత దూరం ప్రయాణం చేసింది. ప్యాంటు మాత్రం నడుము దిగకుండా, ఇస్త్రీ మడత చెదరకుండా గట్టెక్కింది. ఇస్త్రీ సంగతి నేను కలిపిందని షాపులో అంటారు. వాళ్లు మిషను తొక్కేవాళ్లు, వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

నేను చేరిన వారంలోనే సముద్రం ఒడ్డు నుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఏ ఒడ్డో చెప్పను. సెలవు రోజుల్లో అక్కడ స్నానాలకు జనం విరగబడతారు. మునిగేవాళ్లను తేల్చడానికి చుట్టుపక్కల పల్లెల్లో చేపల వేటకి పోయే కొందరిని ఒక కాంట్రాక్టు సంస్థ గజ ఈతగాళ్లుగా పెట్టుకుంది. అప్పటిదాకా వాళ్లు లుంగీలతోనే కాపలా కాసేవారు. వాళ్ల మీదికి కొత్తగా వచ్చిన ఆఫీసరుకి ఆ లుంగీలు నచ్చలేదు. నీలం ప్యాంటు, పసుపు చొక్కా ఉండాలన్నాడు. ప్యాంటు అడుగు, అంటే మేము బాటం అనేది, ఈ కాలపు మోస్తరులో సన్నంగా ఉండాలన్నాడు. తనిఖీ రోజున యూనిఫాం సరిగ్గా లేనివాడికి మళ్లీ కాంట్రాక్టు రాదని కూడా చెప్పి పంపాడు. నేను మా మనుషులతో వెళ్లి కొలతలు తీసి, ఆయన చెప్పినట్టే కోసి, కుట్టించి పంపాను. కడుపు నిండా గర్వంతో పులుసన్నం తిని పడుకున్నాను.

మర్నాడు షాపు తెరవగానే ఆ ఈతగాళ్లలో ఒకతను ప్యాంటు పొట్లం కట్టుకుని వచ్చాడు. పేరు కాటయ్య. నలభై దాటిన మనిషి. భుజాలు తలుపు చెక్కల్లా ఉన్నాయి, నడుము మాత్రం సన్నం. ఇలాంటి శరీరానికి కోయడం మాస్టర్లకు పండగ. ఏం బాబూ, ఎక్కడైనా పట్టిందా, వదులైందా అని అడిగాను.

"ప్యాంటు బ్రహ్మాండంగా ఉండాదన్నా. మా ఆడది దిష్టి గూడా తీసింది. ఐతే ఊడి రాదు గదా," అన్నాడు.

అర్థం కాలేదు. ఊడి రాకపోవడమే కదయ్యా దాని గొప్ప అన్నాను.

"అది నీకు గొప్పన్నా. నీళ్లలో మనిషి మునిగిపోతా ఉంటే నేను హుక్కు తియ్యాల, జిప్పు లాగాల, ఒంటికాలి మీద కొంగ మాదిరి నిలబడి బాటం పీకాల. ఆలోపల ఆ మనిషి శ్రీలంక పొయ్యి చేరతాడు. లుంగీ ఐతే ఒక్క లాగుడు. నాకు ఒక్క లాగుడుకి వచ్చే ప్యాంటు గావాల."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. నా చదువంతా, నా పేరంతా, పంటకాలవ పెద్దమనిషితో సహా, ప్యాంటు జారకుండా ఉండటం మీద కట్టిన మేడ. ఇతనొచ్చి జారిపోయే ప్యాంటు అడుగుతున్నాడు. వంటవాడి దగ్గరికెళ్లి ఉడకని అన్నం పెట్టమన్నట్టుంది. పక్క బల్ల దగ్గర కాజాలు తీస్తున్న మనిషి సూది వేలికి గుచ్చుకుని అరిచాడు. బహుశా నా ముఖం చూసి ఉంటాడు.

వేరే ఉద్యోగం చూసుకోరాదా అన్నాను, కోపంతో. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. అతని అన్న వేటకి పోయి తిరిగి రాలేదు. ఇక వేటకి పోనని భార్య రవణమ్మకి మాటిచ్చి పడవలో వాటా వదులుకున్నాడు. ఈ ఒడ్డు ఉద్యోగం పోతే మళ్లీ లోపలి సముద్రానికే పోవాలి. ప్యాంటు లేకపోతే తనిఖీలో ఉద్యోగం పోతుంది. ఈ ప్యాంటుతో ఉంటే ఏదో ఒక రోజు ఒడ్డున నిలబడి మనిషి మునగడం చూడాలి. "రెండూ నా వల్ల గాదన్నా. నువ్వే యేదోటి చెయ్యాల," అని పొట్లం నా బల్ల మీద పెట్టాడు.

చేశాను. చూడటానికి మిగతావాళ్ల ప్యాంటుకీ దీనికీ తేడా ఉండకూడదు. అందుకని నడుము దగ్గర హుక్కు తీసేసి, పట్టీలో వదులు ఎలాస్టిక్ ఎక్కించాను. జిప్పు చూపులకే, కింద కుట్టేశాను. బాటం దగ్గర లోపలి వైపు కుట్టు మోకాలి దాకా విప్పి టిచ్ బటన్లు పెట్టాను. లాగితే అవి పటపటా విడిపోతాయి. ఇది రాసుకోవడానికి సులభంగా ఉంది కానీ, ఆ నడుము పట్టీ విప్పుతున్నప్పుడు నా చేతులతో నా సన్మానపత్రం చించుకుంటున్నట్టే ఉంది.

ట్రయల్ షాపులోనే పెట్టాం. అద్దం ముందు నిలబడి కాటయ్య రెండు చేతులా పట్టీ పట్టి ఒక్కసారి కిందికి లాగాడు. కాళ్లు బయటికి వచ్చేశాయి. ప్యాంటు, తన మనిషి ఎటు పోయాడో తెలియక, కాసేపు అక్కడే నిలబడి కూలబడింది. అదే సమయానికి చొక్కా గుడ్డ చూడటానికి వచ్చిన ఒక రిటైర్డ్ తహసీల్దారు గారు తాను తెచ్చిన గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. షాపు లోపల గొడుగు తెరవడం ఆ రోజే చూశాను.

తనిఖీ నాటి ఉదయం నేను కూడా వెళ్లాను. ఆర్డరు తాలూకు మాస్టరు తనిఖీకి ఉండటం పద్ధతి. ఎక్కడైనా కుట్టు వదిలితే అక్కడికక్కడే సరిచేయాలి. నా భయం వేరు. కాటయ్య సెల్యూట్ కొడితే ఆ విసురుకి ప్యాంటు దిగిపోతుందేమోనని రాత్రంతా కలలో నీలం ప్యాంట్లు రాలుతూనే ఉన్నాయి. ఆఫీసరు ఈతగాళ్లందరినీ నీళ్లకు వీపు పెట్టి వరసలో నిలబెట్టాడు. సముద్రాన్ని చూడాల్సినవాళ్లు ఆఫీసరు జీపుని చూస్తూ నిలబడ్డారు. ఆ విడ్డూరం ఆ క్షణానికి ఎవరికీ తట్టలేదు.

కాటయ్య వంతు వచ్చింది. సెల్యూట్ కొట్టాడు. ప్యాంటు కదల్లేదు. ఆఫీసరు వంగి లేవమన్నాడు. వంగి లేచాడు. కదల్లేదు. నడుము మీద అతికించినట్టు కూర్చుంది. వదులు ఎలాస్టిక్‌తో ఈ బిగువు ఎలా వచ్చిందా అని నేనే ఆశ్చర్యపోయాను. నా చేతిలో దైవం ఉందేమోనని కూడా అనుకున్నాను. కాస్త దూరంలో తన వేపుడు చేపల బండి దగ్గర రవణమ్మ గరిటె పట్టుకుని మురిసిపోతూ చూస్తోంది.

అప్పుడు కేక వినిపించింది. చిల్లకూరు వైపు నుంచి పిల్లాపాపలతో వచ్చిన ఒక భారీ మనిషి రెండో అల అవతలికి వెళ్లిపోయాడు. చెయ్యి ఒకటే కనిపిస్తోంది. వరస చెదిరింది. మిగతా ఈతగాళ్లు హుక్కులు పీకారు, జిప్పులు లాగారు, సన్న బాటంలో మడమలు ఇరుక్కుని ఇసకలో గెంతారు. ఒకరినొకరు పట్టుకుని పడ్డారు. పెళ్లి బ్యాండు మేళం మొత్తం ఒకేసారి బురదలో జారినట్టుంది. కాటయ్య మాత్రం నీళ్ల అంచుకి పరిగెత్తి పట్టీ పట్టి లాగాడు.

రాలేదు.

మళ్లీ లాగాడు. బటన్లు పటపటా విడిపోయాయి, మోకాళ్ల దాకా కాళ్లు బయటపడ్డాయి, నడుము మాత్రం ఊడలేదు. మునిగే మనిషి చెయ్యి కూడా కనిపించడం లేదు.

అతను చేసింది నాకు అప్పుడు తెలిసింది. పొద్దున ఆఫీసరు ముందు పరువు పోతుందేమోనని భయపడి, ఇన్నేళ్లూ లుంగీని దోపినట్టే, ప్యాంటు పట్టీని మొలతాడు కిందికి దోపి, తాడుని పైకి తెచ్చి బిగించుకున్నాడు. ప్యాంటు వేసుకునేవాళ్లెవరూ చేయని పని. పుట్టి బుద్ధెరిగి లుంగీ తప్ప కట్టనివాడికి మాత్రం అది చెయ్యి తనంతట తాను చేసే పని.

మన వైపు మొలతాడు సంగతి చెప్పనక్కర్లేదు. పాతది తీయాలంటే ముందు కొత్తది కట్టాలి. మగవాడి నడుము తాడు లేకుండా ఉండేది ప్రాణం పోయినప్పుడే. కాటయ్య ఒక్క క్షణం ఆగాడు. బండి వైపు చూశాడు. బొటనవేలు తాడులో దూర్చి తెంపాడు. ఆ తెగిన చప్పుడు సముద్రం హోరులో నాకు వినపడిందంటే నమ్మరు. వినపడింది. ప్యాంటు ఇసకలో పడింది, మనిషి అలలో పడ్డాడు.

రవణమ్మ గరిటె జారవిడిచింది. రెండు చేతులా తాళి పట్టుకుంది.

ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నా లెక్కన ఒక చాతుర్మాస్యం. కాటయ్య ఆ భారీ మనిషిని జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. ఒడ్డున బోర్లా వేసి వత్తితే నీళ్లు కక్కి, దగ్గి, కళ్లు తెరిచాడు. అతని వాళ్లు గొల్లుమన్నారు. కాటయ్య చారల డ్రాయరుతో, వణుకుతూ నిలబడ్డాడు. ఆఫీసరు దగ్గరికొచ్చి మొదట అడిగిన మాట, "యూనిఫాం ఏదయ్యా?"

సమాధానం చెప్పేలోపు రవణమ్మ వచ్చిపడింది. మొగుడి ముఖం చూడలేదు. నడుము చూసింది. "దారం... ఎవురన్నా దారం ఇయ్యండయ్యా," అంటూ అందరి చేతులూ చూసింది. ఇసకలో దారం ఎక్కడుంటుంది? నా దగ్గరికొచ్చింది. నా మెడలో ఉన్న టేపు చటుక్కున లాగేసింది. నేను చేతి కత్తెరైనా అరువిస్తాను గానీ టేపు మాత్రం నా తమ్ముడికి కూడా ఇవ్వలేదు.

"కదలబాక," అంది మొగుడితో. టేపుని నడుము చుట్టూ తిప్పి ముడేసింది. ముడి జారింది, మళ్లీ వేసింది. "కదలబాక అన్నా గదా. నీళ్లలోకే పోయినావు, తాడు తెంపుకొనే పోయినావు. నన్నేమన్నా అడిగినావా?"

"అడిగేదానికి టైము యాడుండాది మే," అన్నాడు కాటయ్య మెల్లగా.

"మాట్లాడబాక." ముడి గట్టిపడ్డాక ఇసకలో కూర్చుని అప్పుడు ఏడ్చింది.

ఆఫీసరు మాత్రం, యూనిఫాంలో లేనివాడికి కాంట్రాక్టు ఇవ్వకూడదని తనే పెట్టిన రూలు గుర్తు చేశాడు. రవణమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని వరస వైపు చెయ్యి చూపించింది. "అదిగో సారూ, నీ యూనిఫాం అంతా ఆడ దొర్లతా ఉండాది. ఇచ్చుకో కాంట్రాక్టు." నిజమే. అందరూ నీలం ప్యాంట్లతోనే ఉన్నారు, మోకాళ్ల దాకా. ఆఫీసరు ఆ వరసని చూశాడు. తర్వాత ఇసకలో పడున్న కాటయ్య ప్యాంటు తనే ఎత్తి, బటన్లు తిప్పి చూసి, ఇది ఎవరు కోశారని అడిగాడు. నేను చెయ్యెత్తాను, ఉద్యోగం పోయిందనుకుంటూ. మిగతావన్నీ ఇలాగే మార్చి ఇవ్వమన్నాడు. కాటయ్య కాంట్రాక్టు మీద ఆఫీసరు ఆ పూటే సంతకం పెట్టాడు.

మార్చేటప్పుడు ఒక్క తేడా చేశాను. ఎలాస్టిక్ వెనకకే పరిమితం చేసి, ముందు పట్టీలో మందమైన బకరం వేశాను. అట్టముక్కలా ఉండే ఆ పట్టీని ఏ మొలతాడు కిందా దోపడం కుదరదు. టేపు నేను తిరిగి అడగలేదు. కొత్తది కొనుక్కున్నాను.

ఆ తర్వాత రిటైరయ్యే వరకు యూనిఫాం ట్రయల్ షాపు అద్దం ముందు పెట్టలేదు. మనిషి పనిచేసే చోటికే వెళ్లి, ఇంట్లో తనంతట తాను తొడుక్కుని రమ్మనేవాణ్ణి. అద్దం ముందు మనిషి మాస్టరు చెప్పినట్టు వేసుకుంటాడు. పని రోజున తన అలవాటు చెప్పినట్టు వేసుకుంటాడు. కత్తెర రెండో దాని ప్రకారం పడాలి.