డి బ్లాకు సార్జెంట్

లోరెన్ హాస్కెట్‌ను జైలుకు తెచ్చింది తాగుడు. తాగి బండి నడపడం అతనికి కొత్త కాదు. ఈసారి మాత్రం సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనకనుంచి గుద్దాడు. అందులో ఉన్న స్కూలు బస్సు డ్రైవరమ్మకు భుజం విరిగింది. ఆమె మళ్ళీ బస్సు నడపలేకపోయింది. ఆ సంగతి ఎవరూ అడక్కుండానే చెప్పేవాడు. చెప్పాక దానికి సాకు కలిపేవాడు కాదు.

పుట్టింది ఓహియోలో, మా కౌంటీలోనే. చదువు అవగానే సైన్యంలో చేరాడు. ఇరాక్‌లో పెట్రోలు ట్యాంకర్ల వరసను నడిపించే సార్జెంటు అయ్యాడు. తిరిగొచ్చాక లారీల గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డులో కుదిరాడు. పనికి ఎవరూ వంక పెట్టలేదు. కానీ రోడ్డు పక్కన చెత్త సంచి కనిపిస్తే చాలు, అందులో బాంబు ఉందని భార్య డెనీస్ చేతిలోంచి స్టీరింగు లాగేసేవాడు. ఆమె కొన్నేళ్ళు ఓర్చుకుని, చివరికి చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది.

మా కౌంటీ జైల్లో మాజీ సైనికులకు వేరే బ్లాకు ఉంది, డి బ్లాకు. గోడ మీద జెండా, దళాల గుర్తులు గీసి ఉంటాయి. కౌన్సిలర్ వస్తాడు, మానసిక వైద్యురాలు వస్తుంది. అక్కడ మచ్చ పడకుండా ఉంటే మాజీ సైనికుల కోర్టులో జడ్జి శిక్షకు బదులు చికిత్సా కేంద్రానికి పంపవచ్చు. తప్పు చేశాడని ఒక్క రిపోర్టు పడిందా, బ్లాకు పోతుంది, ఆ కోర్టూ పోతుంది. మిగిలేది రాష్ట్ర జైలు. హాస్కెట్ విచారణ వచ్చే గురువారం. కేంద్రంలో మంచం ఒకటే ఖాళీ ఉందని కౌన్సిలర్ అతనికి చెప్పాడు.

డి బ్లాకులో వాళ్ళలో వాళ్ళే ఒక నాయకుణ్ణి ఎన్నుకుంటారు. హాస్కెట్ వచ్చిన నెలలోనే అతన్ని ఎన్నుకున్నారు. పొద్దున్నే వరసలో నిలబెట్టేవాడు, స్నానాలగది వంతులు వేసేవాడు.

"ఈ కాఫీ ఎవడు పెట్టాడు?" అని అడిగాడు ఒక పొద్దున.

"నేనే," అన్నాడు వెండెల్. అతను ఎయిర్‌ఫోర్సులో చేసినవాడు. ఒక దళం వాళ్ళు ఇంకో దళాన్ని ఎగతాళి చెయ్యడం సైనికుల్లో మామూలే.

"మీ వాళ్ళకి హోటల్ రూముకి కాఫీ తెచ్చిచ్చేవాళ్ళు కదా, నీకెలా వస్తుందిలే."

"అవును సార్జెంట్. మీరు బురదలో పడుకుంటుంటే మేం మెనూ చూసేవాళ్ళం."

"మెరైన్లకి మెనూ ఇచ్చినా లాభంలేదు. బొమ్మలుంటే తప్ప చదవలేరు," అని హాస్కెట్ చివర కూర్చున్న కర్టిస్ బోయెట్ వైపు చూశాడు.

బోయెట్ కూడా నవ్వాడు. అతను నవ్వడం అరుదు. మెరైన్ దళంలో చేసి వచ్చాక నిద్ర పట్టడం మానేసింది. నర్సు ఇచ్చే నిద్రమాత్రను నాలుక కింద దాచి, తర్వాత గుడ్డలో చుట్టి పెట్టుకునేవాడు. మామూలు రోజులు మేలుకునే గడిపి, ఇక భరించలేని రోజు రెండు మూడు కలిపి వేసుకునేవాడు.

నేల తుడిచే సామాను ఉంచే గదిలో పైపు వెనక ఆ గుడ్డ హాస్కెట్ కంటపడింది. ఎవరిదో అతనికి తెలుసు. కాపలా అధికారికి చెప్పాలన్నది జైలు నియమం. సైన్యంలో ఏ సార్జెంటూ ముందు ఆ పని చెయ్యడు. తన మనిషి తప్పును తానే దిద్దుకుంటాడు. హాస్కెట్ బోయెట్‌ను పక్కకు పిలిచాడు.

"సాయంత్రంలోపు అవి టాయిలెట్లో పడాలి. ఆ తర్వాత డాక్టరమ్మకి నిజం చెప్పు. ఈ మందు సరిపోవట్లేదని చెప్పు. విన్నావా?"

"విన్నాను, సార్జెంట్."

"మళ్ళీ అడిగించుకోకు."

బోయెట్ పారెయ్యలేదు. మర్నాడు టిఫిను కాగానే సోదా జరిగింది. జైలు అధికారి లెఫ్టినెంట్ ప్రూయిట్ గుడ్డ విప్పి బల్లమీద పరిచాడు. ప్రూయిట్ ఎప్పుడూ సైన్యంలో లేడు. ఈ బ్లాకంటే అతనికి మొదటినుంచీ గిట్టదు.

"ఎవరివి? చెప్పకపోతే అందరినీ మామూలు బ్లాకులకి పంపిస్తాను. జెండా గోడకే ఉంటుంది, మీరుండరు."

వరసలో ఎవరూ కదల్లేదు. దాదాపు అందరికీ ఏదో ఒక విచారణ ఉంది. హాస్కెట్ బోయెట్ వైపు చూడకుండా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నావి."

"నీవా?"

"నా మనుషుల మధ్య దొరికాయి. నావే రాసుకోండి, సార్."

రిపోర్టు రాయాల్సింది గ్లెండా రస్క్. ఆ బ్లాకు కాపలా ఆమెదే. నేవీలో చేసి వచ్చింది. హాస్కెట్‌ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టింది.

"నీ మందుల్లో నిద్రమాత్రే లేదు. నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే మంచిదే, మేడమ్."

"ఎవరివో పేరు చెప్పు, ఈ రిపోర్టు చింపేస్తా."

"చెప్పను. వాడే వచ్చి చెప్తాడు. ఒక రోజు ఆగండి."

"ఎక్కడున్నావనుకుంటున్నావు హాస్కెట్? సైన్యంలో అయితే కెప్టెన్ నిన్ను నాలుగు తిట్టి పంపేవాడు, మిగతాది బ్యారక్‌లో మీరే చూసుకునేవాళ్ళు. ఇక్కడ తిట్టే కెప్టెన్ లేడు. రాసింది నేరుగా జడ్జి దగ్గరికి పోతుంది."

"వాడు చెప్తాడు," అన్నాడు హాస్కెట్.

ఆమె రిపోర్టును ఒక రోజు ఆపింది. బోయెట్ రాలేదు. రిపోర్టు వెళ్ళింది, హాస్కెట్‌ను బి బ్లాకుకు మార్చారు. డి బ్లాకులో మళ్ళీ ఎన్నిక పెట్టుకుని వెండెల్‌ను నాయకుణ్ణి చేసుకున్నారు.

గురువారం కోర్టు వెనక గదిలో ఒకే బెంచీ మీద హాస్కెట్, బోయెట్ కూర్చున్నారు. బోయెట్ విచారణ కూడా ఆ రోజే. అతను గడ్డం నున్నగా గీసుకుని వచ్చాడు.

"సార్జెంట్," అన్నాడు నేలకేసి చూస్తూ. "నేను చెప్పేస్తా. ఇప్పుడు లోపలికెళ్ళి చెప్పేస్తా."

వద్దురా అంటాడని అతను ఎదురుచూశాడు. హాస్కెట్‌కు అది అర్థమైంది.

"చెప్పు," అన్నాడు.

బోయెట్ తలెత్తాడు.

"చెప్పరా. నీకోసమే వారంనుంచీ చూస్తున్నా. నాకు ఆ మంచం కావాలి."

"నాకు కూతురు ఉంది, సార్జెంట్."

"ఉంది. నేను కాదన్నానా?"

ముందు హాస్కెట్ పేరు పిలిచారు. జడ్జి మర్యాదస్తుడు. రిపోర్టు రెండుసార్లు చదివి, చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాడు హాస్కెట్. కేసు మామూలు కోర్టుకు తిప్పి పంపుతున్నానన్నాడు జడ్జి. తర్వాత కళ్ళజోడు తీసి, "మీరు దేశానికి చేసిన సేవకు ఈ కోర్టు కృతజ్ఞతలు తెలుపుకుంటోంది, సార్జెంట్ హాస్కెట్," అన్నాడు. ఆ కోర్టులో ప్రతి ఒక్కరికీ ఆ మాట చెప్తారు.

హాస్కెట్ వెనక గదిలోకి వచ్చేసరికి బోయెట్ లేచి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. దారి ఇవ్వడానికి పక్కకు జరిగి, లోపలికి వెళ్ళిపోయాడు.

చికిత్సా కేంద్రంలో చోటు దొరికినవాళ్ళకు ఆ కోర్టులో చప్పట్లు కొట్టడం ఆచారం. గుమాస్తా, లాయర్లు, వెనక వరసల్లోని వాలంటీర్లు అందరూ లేచి కొడతారు. కాసేపటికి తలుపు అవతల చప్పట్లు వినిపించాయి. చాలాసేపు కొట్టారు. కాపలా మనిషి హాస్కెట్‌కు బేడీలు వేయడానికి వచ్చాడు. హాస్కెట్ రెండు చేతులూ ముందుకు చాచాడు.